చింతతోపులో ఊదు పొగ

మా బనగానపల్లెలో నా నోటికి ఒక పేరుంది. వాన పడుతోందని నేను చెబితే జనం ఆకాశం వైపు చూడరు, నా మొహం వైపు చూస్తారు. తప్పు వాళ్ళది కాదు. ఒక మే నెలలో నా నీడ ఎండకు తాళలేక నాకంటే ముందు ఇంట్లోకి ఉరికి, కుండలో నీళ్ళు తాగేసిందని, నేను పోయేసరికి అడుగున రెండు గుక్కలే మిగిలాయని చెప్పినవాణ్ణి నేనే. మా పెద్దమ్మ తోటలో మామిడికాయ ఒకటి ఎంత బరువు కాసిందంటే, కొమ్మ వంగి పక్క రైతు చేలోకి పోయి, అతని పాసుపుస్తకంలోకి ఎక్కిందని చెప్పిందీ నేనే. ఆ రైతు నిజంగానే వచ్చి మా పెద్దమ్మతో తగాదా పడ్డాడు. అది మాత్రం నా తప్పు.

అయితే నా బతుకు నోటితో కాదు, కెమెరాతో. బస్టాండు దగ్గర చిన్న స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, ఆధార్ కార్డు మొహాలు. నోటికి లేని మడి కెమెరాకు పెట్టుకున్నాను. పెళ్ళికూతుర్ని తెల్లగా చేయమంటే చేయను. పెళ్ళికొడుకు పొట్ట తగ్గించమంటే, భోజనాలకు ముందు తీద్దాం రమ్మంటాను, అంతే. అలిగి పెళ్ళికి రాని మేనమామను గుంపు ఫోటోలో అతికించమని ఎంతమంది అడిగారో! "రాని మామను నేను రప్పించలేనప్పా, మీరే పోయి కాళ్ళు పట్టుకోండి" అనేవాణ్ణి. అందుకే ఊళ్ళో ఒక మాట నిలబడింది. వాని నోరు నమ్మాకండి, ఫోటో నమ్మండి.

ఈ మాటను అందరికంటే గట్టిగా నమ్మింది నా భార్య. ఆమె అబద్ధం చెప్పదు. పాలవాడు నీళ్ళు కలిపాడా అని అడిగితే పాలవాడి ముందే చెప్పేస్తుంది. అటువంటి మనిషికి నన్ను కట్టబెట్టిన దేవుడు కూడా నాలాగే కొంటెవాడని నా అనుమానం.

ఇక కథలోకి వస్తాను. నా భార్యకు అన్న ఒకడున్నాడు, నాకు బావ. శనక్కాయ పంట నుంచి నాపరాళ్ళ వ్యాపారంలోకి, అందులోంచి లాడ్జిలోకి ఎదిగిన మనిషి. ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో, కొండకు వచ్చే భక్తుల కోసం రెండంతస్తుల లాడ్జి కట్టాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మమ్మల్ని చూడ్డానికి పిలిచాడు. ముందు గదిలో గోడ ఒకటి తెల్లగా, ఖాళీగా ఉంది. కింద చాప పరుచుకుని ఉగ్గాని, బజ్జీలు తింటున్నాం.

"ఈ గోడకు ఒక పెద్ద ఫోటో కావల్ల" అన్నాడు బావ. "లోపలికొచ్చినోడికి అడవిలోకి వచ్చినట్ల ఉండాల. ఒక అంగడోడు పంపించినాడు, చూడు."

ఫోన్లో చూపించాడు. ఏదో చలిదేశపు అడవి. పొడుగాటి నిటారు చెట్లు, వాటి వెనక సూర్యుడు, చెట్ల సందుల్లోంచి పొగమంచులో చారలు చారలుగా దిగుతున్న వెలుగు. బాగుంది. బాగున్నందుకే నాకు మండింది.

"ఈ చెట్లు మనవి కావు బావా. వీటి కింద కూర్చోని ఉగ్గాని తింటే అరగదు."

"మనవాటిల్లో ఇట్ల కిరణాలు యాడుంటాయప్పా? మన ఎండ నెత్తిన కొట్టేదే గాని, చారలు దిగేదా?"

అక్కడ ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. "దిగుతాది బావా. ఎగువ అహోబిలం దారిలో నేను చూసినా. ఒక్కో కిరణం ఎంత గట్టిగా ఉండాదంటే, ఒక కోతి దాన్ని పట్టుకోని చెట్టు మీద నుంచి కిందికి జారింది. ఫోటో కూడా తీసినా."

బావ బజ్జీ కిందపెట్టి నవ్వాడు. "కోతి జారిందా! ఏమ్మే, నీ మొగుడు మళ్ళా మొదలుపెట్టినాడు."

నా భార్య తల కూడా ఎత్తలేదు. "కోతి ఈయన నోటిది న్నా. ఫోటో కెమెరాది. తీసినా అన్నాడంటే తీసినట్లే."

"అట్లనా? సరే. ఉగాదికి లాడ్జి తెరుస్తాండా. ఆ లోపల ఆ ఫోటో తెస్తే ఈ గోడకు అదే. తేకపోతే వచ్చినోళ్ళందరి ముందర ఈయప్ప ఒక మాట చెప్పల్ల, నా నోరే కాదు, నా కెమెరా కూడా అబద్ధాలదేనని. నువ్వు గూడా పక్కన నిలబడి చెప్పల్ల."

"చెప్తా" అంది నా భార్య. "చెప్పే పని పడదు గాని."

పుట్టింటివాళ్ళ ముందు ఆడమనిషి పెట్టే మాట చిన్నది కాదు. నాకు బజ్జీలో మిరపకాయ గొంతుకు అడ్డం పడింది.

ఎందుకంటే ఆ ఫోటో లేదు. చూసింది మాత్రం నిజం. కోతిని తీసేస్తే అంతా నిజం. కిందటి ఏడాదికి ముందటి ఏడాది కార్తీకంలో, ముసురు పట్టి వదిలిన మర్నాడు, పెళ్ళికి ముందు తీసే ఫోటోల కోసం ఒక జంటను తీసుకుని కొండకు పోయాను. లోయలో మంచు నిలబడి ఉంది. మలుపు తిరగ్గానే చెట్ల వెనక సూర్యుడు, నూరు చారల వెలుగు. ఆ క్షణంలో నా రెండు చేతుల్లో ఏమున్నాయంటారు? పెళ్ళికూతురి గౌను అంచులు. బురద అంటకుండా పట్టుకోమని పురమాయించింది. ఏడు గజాల గుడ్డ. దాన్ని ఒక బండ మీద జాగ్రత్తగా పెట్టి కెమెరా తీసేసరికి మంచు లేచిపోయింది. మిగిలింది ఎండ, ఒక పెళ్ళికూతురు, నా ఏడుపు మొహం.

అంటే ఇన్నేళ్ళలో మొదటిసారి, కెమెరా పేరు పెట్టి అబద్ధం ఆడాను. అదీ నా భార్య పక్కన ఉండగా.

ఇంటికి వస్తుంటే బండి వెనక నుంచి అడిగింది. "ఆ ఫోటో నాకెప్పుడూ చూపించలేదే?"

"పాత డిస్కులో ఉండాది. వెతకల్ల."

ఇంకేమీ అడగలేదు. నమ్మేవాళ్ళతో వచ్చిన కష్టమే అది. రెండో ప్రశ్న వేయరు.

ఆ వారంలోనే, తెల్లవారకముందే బయలుదేరి అహోబిలం చేరాను. అడవి లోపలికి పోనివ్వరు, కొండకు నడిచే దారి వదలకూడదు. ఆ దారిలోనే నిలబడి చూశాను. వెలుతురుకు ఎదురుగా ఫోటో తీయడం నాకు చిన్నప్పుడు నిషేధం. పని నేర్పిన గురువుగారు, సూర్యుణ్ణి ఎప్పుడూ వీపు వెనక పెట్టుకోవాలని, ఎదురుగా పెట్టుకుంటే పెళ్ళికూతురు బొగ్గు అవుతుందని చెప్పి వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాడు. ఇప్పుడు అదే తప్పు కావాలని చేయాలి. లావుపాటి మాను వెనక సూర్యుణ్ణి దాచాలి, మాను నల్లగా పోవాలి, ఆకుల అంచులు మాత్రం వెలగాలి. వెలిగాయి కూడా. కానీ చారలు లేవు. ఉత్త గాలిలో వెలుగుకు ఒళ్ళు ఉండదు. అది దేని మీదనైనా పడి ఆగితేనే కంటికి ఆనుతుంది. మంచో, ధూళో, పొగో కావాలి. ఆ నెలలో మా గాలి కడిగిన గాజులాగా ఉంది. టేకు చెట్లు ఆకులు రాల్చి బోడిగా నిలబడ్డాయి.

అడవి కాపలా మనిషి ఒకాయన కర్ర పట్టుకుని వచ్చి, నేను చేసేది చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, సూర్యున్ని ఫోటో తీస్తాండావా? తొందర వద్దులే, ఆయప్ప రేపు గూడా వస్తాడు."

"మంచు కావల్ల పెద్దాయనా."

"కార్తీకంలో రాకపోయినావా? ఇప్పుడు మంచు కావల్లంటే ఐసు అంగడికి పో." తర్వాత నా జేబుల వైపు చూశాడు. "అగ్గిపెట్టె, బీడీలు ఏమన్నా ఉండాయా? ఈ ఆకులు చూసినావు గదా. నిప్పురవ్వ పడిందంటే కొండంతా పోతాది. ఆ సరిహద్దు రాయి దాటి ఇవతల పొగ కనపడితే నిన్ను కట్టేస్తా, సామి దర్శనం గూడా ఉండదు."

మంచు లేదు, పొగ కూడదు. ఇక ధూళి మిగిలింది. తిరిగి వస్తుంటే దారి పక్క గొర్రెల మంద కనిపించింది. కాపరి కంబళి కప్పుకుని కర్రకు ఆనుకుని ఉన్నాడు. నీ మందను ఆ తుమ్మచెట్ల మధ్య ఒక్కసారి పరుగెత్తించవయ్యా, ధూళి లేస్తుంది, ఫోటో తీసుకుంటానని బతిమాలాను.

"నా గొర్రెలు ఫోటోకు పరిగెత్తవు" అన్నాడు. "కుక్క తరిమితే పరిగెత్తుతాయి."

"మరి నీ కుక్కను అదిలించు."

"అది నా మాట వినదు. కొత్తోని వాసన తగిలితేనే లేస్తాది."

కొత్తవాణ్ణి నేనే కాబట్టి ముందుకు పోయి, గొర్రెల వైపు తిరిగి భౌమన్నాను. గొర్రెలు మేత ఆపి నన్ను చూశాయి, మళ్ళీ తలలు దించుకున్నాయి. కుక్క మాత్రం నన్ను ఇంకో కుక్క అనుకుంది. ఆ రోజు తుమ్మచెట్ల మధ్య ధూళి బ్రహ్మాండంగా లేచింది, ఎండ అందులో చారలు చారలుగా దిగింది కూడా. ఆ ధూళి లేపింది నా కాళ్ళు. ఫోటోలో పడింది నా చెప్పు ఒకటే, రెండోది కుక్క దగ్గర ఉండిపోయింది.

ఇంత అవస్థ ఎందుకు, కంప్యూటర్లో వేలు పెడితే కిరణాలు వస్తాయి కదా అంటారు. వస్తాయి. నంద్యాలలో ఆల్బములు కుదిర్చే స్నేహితుడు ఫోన్లో అదే చెప్పాడు. "ఏ చెట్టుకు కావాలంటే ఆ చెట్టుకు దించుతాన్నా, అర నిమిషం పని." ఒక సాయంత్రం స్టూడియోలో తలుపు వేసుకుని నేనే ప్రయత్నించాను. అహోబిలం ఫోటో మీద కిరణాలు దిగాయి. ఎడమ నుంచి దిగాయి. చెట్ల నీడలు కూడా ఎడమకే పడి ఉన్నాయి. చూసేవాడికి తెలియదు, నాకు తెలుసు. చెరిపేశాను. ఆ రోజు రాత్రి అన్నం పెడుతూ నా భార్య "డిస్కు దొరికిందా?" అంది. వెతుకుతున్నానన్నాను.

ఉగాదికి ఇంకా పది రోజులుంది. గురువారం. మా వైపు గురువారం పొద్దున ఫకీరు చాచా అంగడి అంగడికీ వచ్చి ఊదు వేస్తాడు. చేతిలో నిప్పుల చట్టి, దాని మీద సాంబ్రాణి పొడి, ఇంకో చేతిలో నెమలీకల కట్ట. గడప మీద, గల్లాపెట్టె మీద, కూర్చున్నవాడి నెత్తి మీద పొగ విసిరి, దువా చెప్పి, ఇచ్చింది తీసుకుని పక్క అంగడికి పోతాడు. హిందువులా, తురకలా అని చూడడు. అంగట్లో ఊదు పడకపోతే బేరం తగలదని కిరాణా శెట్టి కూడా ఆయన కోసం ఎదురుచూస్తాడు.

ఆ రోజు నేను షట్టరు సగమే ఎత్తాను. తూర్పు వాకిలి. షట్టరుకు వరసగా బెజ్జాలున్నాయి. చాచా వంగి లోపలికి వచ్చి నెమలీకలు ఒక విసురు విసిరాడు. అంతే. బెజ్జానికొక చార, చీకట్లో బారులు తీరి, ఆల్బముల మీద, గోడ మీద, నా చొక్కా మీద.

"కదలాకు చాచా!" అని అరిచాను.

ఆయన బిత్తరపోయాడు. "క్యా హువా? పామా?"

"పాము కాదు. నువ్వు అడవికి ఊదు వేస్తావా?"

చాచా నన్ను ఎగాదిగా చూశాడు. "అన్నా, నేను అంగడికి వేసినా, ఇంటికి వేసినా, కొత్త ట్రాక్టరుకు వేసినా. అడవికి వ్యాపారం సాగకుండా ఉండాదా?"

విషయమంతా చెప్పాను. నా భార్య మాటతో సహా. ఆమె పేరు చెప్పగానే మెత్తబడ్డాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె ఆయనకు మజ్జిగ ఇస్తుంది. "చెల్లెమ్మ కోసరం వస్తా. నీ కోసరమైతే రానుపో."

అడవి సరిహద్దు రాయికి బయట, బావ లాడ్జికి రెండు మైళ్ళ ముందు, ఒక రైతు చింతతోపు ఉంది. పాత చెట్లు, ఆకు నిండుగా ఉంది, కింద దున్ని చదును చేసిన నేల, నిప్పు అంటుకునే చెత్త లేదు. రైతు ఒప్పుకున్నాడు. రెండు బిందెల నీళ్ళు పక్కన పెట్టుకోమన్నాడు, పెట్టుకున్నాం. శనివారం పొద్దున్నే బయలుదేరాం. నిప్పులు అక్కడ రాజేద్దామంటే చాచా వినలేదు. తన పొయ్యిలో బిస్మిల్లా చెప్పి రాజేసిన నిప్పే కావాలట. బండి వెనక కూర్చుని చట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. దారి పొడుగునా జనం మమ్మల్ని ఆపి, బండి కాలుతోందని చెప్పారు. ఒకాయన చెంబుతో నీళ్ళు కూడా చల్లాడు. నా మీదే పడ్డాయి.

తోపులో ఏడు గంటలకు సూర్యుడు చెట్ల నడుమకు వచ్చాడు. గాలి లేదు. నేను ఒక లావుపాటి చింతమాను వెనక సూర్యుణ్ణి దాచి నేల మీద బోర్లా పడుకున్నాను. చాచా సాంబ్రాణి చల్లి, చెట్టు చెట్టుకూ తిరుగుతూ విసిరాడు, అంగళ్ళకు విసిరినంత భక్తిగా. మొదట పొగ ఎక్కువై తెల్లగోడ లేచింది. ఆగమన్నాను. అది పలచబడి తల ఎత్తున నిలిచేదాకా చూశాం. అప్పుడు దిగాయి. చింతాకు ఎంత సన్నం! దాని సందుల్లోంచి వెలుగు చారలు కాదు, దారాలుగా దిగింది. వేలకు వేలు. మగ్గం మీద పడుగు పోసినట్టు. చాచాను మాను చాటుకు పొమ్మని, మనిషి లేని తోపును నాలుగైదు ఫోటోలు తీశాను. కోతి ఎక్కడన్నా జారుతుందేమోనని కూడా చూశాను, దేవుడి తోడు.

చాచా మళ్ళీ పొగలోకి వచ్చి నిలబడ్డాడు, సరిగ్గా అప్పుడు దారిలో ఆటో ఆగింది. మిరపకాయలు కోయడానికి పోయే ఆడవాళ్ళు, ఎనిమిదిమంది ఉంటారు. వాళ్ళకు కనిపించింది ఏమిటి? పొద్దున్నే, నిర్మానుష్యమైన తోపులో, పైనుంచి దిగే వెలుగులో, పొగ మధ్య, గడ్డం నెరిసిన ఫకీరు నెమలీకలతో నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఒకడు సాష్టాంగపడి ఉన్నాడు.

చెప్పులు విడిచి, కొంగులు కప్పుకుని వచ్చేశారు. ముందు నడిచింది ఒక ముసలామె.

"సామీ, ఏ పీరయ్య వెలిసినాడు ఈడ?"

"ఎవరూ వెలవలేదమ్మా" అన్నాడు చాచా. "ఈ అన్న ఫోటోకు పొగ కావల్లంటే వచ్చినా."

"పెద్దోళ్ళు అట్లనే చెప్తారు" అని ముసలామె దండం పెట్టింది. ఆటోవాడిని ఊళ్ళోకి తరిమింది. "చక్కెర పట్టుకరా పో. చదివిద్దాం. ఊదుబత్తీలు గూడా."

నేను లేచి మట్టి దులుపుకుని, "అవ్వా, నిజంగా ఫోటో కోసరమే. ఈడ ఏ సామీ లేడు" అన్నాను.

వెనక నుంచి ఒకామె ముందుకు తొంగిచూసింది. "ఈయప్ప మా అక్క కూతురి పెండ్లికి వచ్చినాడు గదా! ఫోటోలాయప్ప! తన నీడ నీళ్ళు తాగిందని చెప్పినోడు!"

"వాయమ్మ! వీడేనా?" అంది అవ్వ. "వీడు లేడన్నాడంటే కచ్చితంగా ఉండాడు."

ముప్పై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు అది. చెప్పేకొద్దీ వాళ్ళ నమ్మకం ముదిరింది. ఆటోవాడు చక్కెర తెచ్చాడు. ఒకామె మాను మొదట్లో గుండ్రాయిని కడిగి నిలబెట్టింది. ఇంకొకామె తన సద్దిమూట గుడ్డ పచ్చరంగుదని గుర్తుచేసుకుని, విప్పి దాని మీద కప్పబోయింది. రేపటికి ఊరంతా వస్తుందని, వచ్చే ఏడు ఉరుసు కూడా చేయొచ్చని అనుకుంటున్నారు.

చాచా నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. ఆయన మొహంలో నవ్వు లేదు. "అన్నా, నవ్వులాట అయిపోయింది. లేని పీర్‌ను నిలబెడితే పైన నన్ను అడుగుతారు, నిన్ను కాదు. నువ్వు తెచ్చినావు, నువ్వే తీసెయ్."

నేను పుట్టి బుద్ధెరిగాక నా మాట నమ్మించాలని అంత ఆత్రపడింది ఆ రోజే. మాటతో పని కాదని తెలిసి, కెమెరా వెనక తెరను అవ్వ ముందు పెట్టాను.

"ఇది చూడవ్వా. మీరు రాకముందు తీసినా."

అవ్వ కళ్ళు చికిలించి చూసింది. మిగతావాళ్ళు ఆమె భుజాల మీదుగా వాలారు. తోపు, పొగ, వెలుగు దారాలు.

"ఇందులో పీరయ్య లేడే?"

"లేడు."

"ఫోటోకు చిక్కలేదేమో?"

"నా కెమెరాకు మీ వాళ్ళ పెండ్లిలో బువ్వ కాడ దాక్కున్న పెద్దమామ గూడా చిక్కినాడు గదా."

అక్క కూతురి పెళ్ళి ఆమె గట్టిగా నవ్వింది. "అది నిజమే పెద్దమ్మా. అడ్డదిడ్డంగా మాట్లాడతాడు గాని, ఫోటోలో ఏముంటే అదే తీస్తాడు. మా నాయన బట్టతల గూడా దాపెట్టలేదు."

అవ్వ ఇంకోసారి తెరలోకి చూసింది, గుండ్రాయి వైపు చూసింది. పచ్చగుడ్డ ఎవరిదో వాళ్ళకు ఇచ్చేసింది. తర్వాత నన్ను తిట్టిన తిట్లు అచ్చు వేయదగ్గవి కావు. పొద్దున్నే ఆడోళ్ళ కాళ్ళు కట్టేసినావు, మేస్త్రీ మమ్మల్ని తిడితే ఆ తిట్లు కూడా నీకే తగలాలని ముగించింది.

"చక్కెర తెచ్చినాంక వెనక్కి తీసుకపోకూడదు సామీ" అంది చాచాతో. "మా పిల్లలు బాగుండాలని చదువు. చెట్టుకు కాదు, మాకు."

దానికి చాచా ఒప్పుకున్నాడు. నిప్పుల మీద మరింత సాంబ్రాణి వేసి, కళ్ళు మూసుకుని ఫాతిహా చదివాడు. ఆడవాళ్ళు నేల మీద కూర్చుని అరచేతులు చాచారు. చక్కెర పంచుతుంటే పొగ లేచి, వాళ్ళ తలల మీదుగా వెలుగు దిగింది. ఆకుల అంచులతో పాటు వాళ్ళ జుట్ల అంచులు వెలిగాయి. ఒకామె దగ్గుతోంది, ఒకామె చక్కెర నాకుతోంది, అవ్వ నన్ను ఇంకా గొణుగుతూనే ఉంది. ఎవరూ నా వైపు చూడటం లేదు. నొక్కాను.

ఆ సాయంత్రం స్టూడియోలో నా భార్య చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టాను. మనుషులు లేనిది చూడగానే ఆమె చేయి ఆగింది.

"ఇదేనా డిస్కులోది? అహోబిలమేనా?"

అవునంటే అయిపోయేది. బావ గోడ నిండేది, ఆమె మాట నిలిచేది. ఆ ఒక్క అక్షరం నా నాలుక మీద ఎంతసేపు కూర్చుందో! నా నాలుకకు అంత బరువు అలవాటు లేదు.

"కాదు. చింతతోపు. అది మంచు కాదు, ఊదు పొగ. డిస్కులో ఏమీ లేదు. కొండ మీద చూసింది నిజం, తీసింది అబద్ధం."

ఆమె చేతిలోని గింజను గిన్నెలోకి విసిరింది.

"ఇరవై రెండేళ్ళకు నిజం చెప్పినావు" అంది. "అది గూడా నా పుట్టింట్లో నా మొహం పోయేటప్పుడు."

ఆమె రెండో ఫోటోకు దగ్గరగా జరిగింది. చాచాను, నిప్పుల చట్టిని, చక్కెర నాకుతున్న ఆమెను ఒక్కొక్కరినీ చూసింది. దగ్గుతున్నామె దగ్గర నవ్వు ఆపుకోలేకపోయింది.

"పొగ యాడనుంచి వస్తాందో ఇందులో కనపడతాంది. ఇది పెద్దది చేయించు. మా అన్నకు నేనే చెప్తా. పోతే నా మాట పోనీ, నీ కెమెరా మాట పోకూడదు."

ఉగాది రోజు పొద్దున, ఆరడుగుల ఫోటో గోడకెక్కింది. బావ చేతులు కట్టుకుని చూశాడు. "అడవి యాడ? కోతి యాడ? ఈ జనం ఎవరు?"

లాడ్జిలో పాతికమంది చుట్టాలున్నారు. అందరి ముందు నేను జరిగింది చెప్పాను. అహోబిలంలో తీశానని చెప్పింది నా నోరేనని, ఆ వెలుగును కెమెరా చూడనే లేదు కాబట్టి దాన్ని ఈ కేసులోంచి వదిలేయమని అడిగాను. నా భార్య నా పక్కనే నిలబడింది. "నేను చెప్పింది సగం తప్పు న్నా. తీసినా అంటే తీసినట్లే అన్నా, అది తప్పు. ఫోటోలో ఉండేది ఉన్నట్లే అన్నా, అది ఇదిగో."

బావ గెలిచిన మొహం పెట్టాడు. ఏదో అనబోయాడు గాని సందు దొరకలేదు. కొత్త లాడ్జికి ఊదు వేయడానికి చాచా వచ్చాడు, ఫోటోలు ఇస్తానన్నానని ఆటోలో ఆడవాళ్ళూ దిగారు. ఫోటో ముందు చేరి, నేను దగ్గేటప్పుడే తీయల్లనా అని ఒకామె, నా వీపే పడిందని ఇంకొకామె. కొండకు పోతూ టిఫినుకు ఆగిన భక్తులు వాళ్ళ చుట్టూ మూగి, ఏ ఊరు, ఏం పండగ అని అడుగుతున్నారు. అవ్వ అందరికీ మొదటి నుంచి చెబుతోంది. ఆమె కథలో నేను కాళ్ళ మీద కూడా పడ్డాను. నాకే అసూయ వేసింది.

గొడవ సద్దుమణిగాక బావ మమ్మల్నిద్దర్నీ వంటగది పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"ఏమప్పా, మనుషులు లేని ఫోటో ఇంకొకటుందంట గదా. ఆ ముసలామె చెప్తాంది. అది గూడా పెద్దది చేయించు. పై అంతస్తులో పెట్టి, కింద 'అహోబిలం అడవి, మంచు పొద్దు' అని రాయిస్తా. వచ్చేటోళ్ళకు ఏం తెలుస్తాది?"

నేను బావను తేరిపార చూశాను. నన్ను పాతికమంది ముందు నిలబెట్టిన మనిషే. ఆ ఫోటో స్టూడియో కంప్యూటర్లో భద్రంగా ఉంది. అంత మంచిది నేను ఇంకోటి తీయలేదు, చెరపడానికి చేయి రాలేదు.

"తుడిచేసినా బావా" అన్నాను.

బావ నమ్మలేదు. నమ్మడానికి నేనేమైనా కొత్తవాణ్ణా? చెల్లెలి వైపు తిరిగాడు. "నిజమేనా మ్మే?"

నా భార్య తలమీది కొంగు సర్దుకుంది. నా వైపు చూడలేదు. "నిజమే న్నా. నా కండ్ల ముందరే తుడిచేసినాడు. నేను వద్దు వద్దంటాన్నా వినలేదు."

బావ నిట్టూర్చి, టిఫిన్లు చూసుకోవడానికి పోయాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె నోట నేను విన్న మొదటి అబద్ధం అది. వద్దు వద్దంటాన్నా అనే ముక్క నాకు తట్టి ఉండేది కాదు.